బోణీకి పనికిరాని మనిషి

మా బాపుది కరీంనగర్‌లో కిరాణ దుకాణం. నేను నడక నేర్చింది బెల్లం బుట్టల నడుమ, మాట నేర్చింది గిరాకీల నడుమ. ఇప్పటికీ ఎవరైనా "బాగున్నరా సార్?" అంటే వెంటనే జవాబు చెప్పను. ఎందుకు అడుగుతున్నడో, దాని ఎనుక ఏం బేరమున్నదో చూసుకొని చెప్త. మా ఇంటామె నన్ను కూరగాయలకు పంపుడు ఎప్పుడో బంద్ చేసింది. కొత్తిమీర కట్ట కాడ గంట సేపు కొట్లాడి, ఆఖరికి కొత్తిమీర మరిచిపోయి, అమ్మెటామెతో చుట్టరికం కలుపుకొని వస్తనని ఆమె ఫిర్యాదు.

ఇసొంటి మనిషిని సర్కారు ప్రొబేషన్ ఆఫీసర్‌ను చేసింది. జైలు నుంచి రాబోయేటోళ్ల ఊరికి పోయి, ఇంటోళ్లు రానిస్తరా, వాడకట్టోళ్లు బతకనిస్తరా అని కనుక్కొని రాసుడు, బయటికొచ్చినంక వాళ్లు మళ్లా దారి తప్పకుండ చూసుడు నా పని. ఈ మధ్య ఈ కొలువులో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చి, "రూల్స్ మేం చదువుకున్నం సార్, అసలు పని ఏందో చెప్పుండ్రి" అన్నరు. చెప్పిన. సగం మాటలు చాయ్, మురుకుల కిందనే పోయినయ్. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్న.

అమ్ముడుపోని సరుకు

అసలు పని అమ్ముడు. శిక్ష అనుభవించి వచ్చిన మనిషికి ఎక్కడన్నా ఓ కొలువు చూపియ్యాలె. మనం చూపియ్యకపోతే పాత దోస్తులు చూపిస్తరు. ఏ యజమాని దగ్గరికి పోయినా మొదటి మాట "అయ్యో పాపం". రెండో మాట "మా దగ్గర ఖాళీ లేదు సార్". మొదట్ల నేను మస్తు జాలి అమ్మచూసిన. ఒక్కరు కొనలే.

అప్పుడు బాపు దుకాణం యాదికొచ్చింది. పొద్దున షట్టర్ లేపినంక వచ్చిన మొదటి గిరాకీని బాపు వట్టి చేతులతో ఎన్నడూ పంపలే. బోణీ బేరం పోతే ఆ రోజంతా పోయినట్టే. గిట్టుబాటు కాకున్నా, గొణుక్కుంటనైనా ఇచ్చేటోడు. వచ్చిన పైసను కండ్లకద్దుకొని గల్లాలో వేసేటోడు. ఇంత ఆయుధం ఇంట్లో పెట్టుకొని నేను జాలి అమ్ముకుంట తిరుగుడేంది?

ఆనాటి నుంచి షట్టర్లు లేచే యాళ్లకే పోవుడు మొదలుపెట్టిన. ఊదుబత్తి పొగ ఇంకా గల్లా చుట్టూ తిరుగుతుండగానే లోపలికి పోయి, "సేటూ, బోణీ బేరం. లేదనకు" అనేటోణ్ని. "ఏం కావాలె సార్?" అంటే, "కొలువు" అనేటోణ్ని. వాళ్ల ముఖాలు చూడాలె! తిట్టలేరు, పొమ్మనలేరు, దేవుని పటం దిక్కు చూస్తరు. దూరం నుంచే నన్ను గుర్తుపట్టి, లేపిన షట్టర్‌ను మళ్లా దించినోళ్లు కూడా ఉన్నరు. అది వేరే సంగతి.

అట్ల కుదిరిన కొలువులన్నీ నిలిచినయని చెప్పను. సైకిళ్లు ఎత్తుకపోయిన కేసులో లోపలికి పోయొచ్చిన ఒకాయనను సైకిల్ స్టాండులోనే పెట్టించిన. మహా తెలివైన పని చేసిననని రొమ్ము విరుచుకొని తిరిగిన. ఆయన ఒక్క సైకిల్ ముట్టలే. కాని వచ్చిన ప్రతి గిరాకీని ఆపి, "గీ తాళమా అన్నా? గిది నేను పిన్నీసుతోని తీస్త, చూస్తవా?" అని చూపించుడు మొదలుపెట్టిండు. వారం తిరగకముందే స్టాండు ఖాళీ. యజమాని నన్ను పిలిచి, "సార్, ఈయన మంచోడే. కని గా మంచితనం జర తక్కువ చెయ్యమనుండ్రి" అన్నడు.

పెద్దసారు ప్రశ్న

నా మొదటి పై అధికారిని మేమంతా పెద్దసారు అనేటోళ్లం. నేను ఎంత పెద్ద రిపోర్టు తీసుకపోయినా ఆయన తెరిచి చూడకపోతుండె. ఒక్కటే అడిగేటోడు: "గా మనిషి పొద్దున లేచి చాయ్ ఎక్కడ తాగుతుండు?"

దుకాణపోని కొడుకును కదా, మాట ఎనుక మాట వెతుక్కున్న. సారుకు చాయ్ కావాలె, నోరు తెరిచి అడగలేక ఇట్ల తిప్పి అడుగుతున్నడని అర్థం చేసుకున్న. అడిగినప్పుడల్లా అటెండర్‌ను పంపి చాయ్ తెప్పించిన. సారు కాదనకుండ తాగిండు. ఆయన బదిలీ అయ్యేదాకా ఇదే నడిచింది. పోయేనాడు భుజం మీద చెయ్యేసి, "నువ్వు తెప్పించే చాయ్ మంచిగుంటదయ్యా. నా ప్రశ్నకు జవాబే రాలే" అన్నడు.

నవ్వి మరిచిపోయిన. నా కొలువు చివరి ఏండ్లలో ఆదిలాబాద్‌కు పోయినంక, ఓదెలు కేసులో ఆ ప్రశ్న మళ్లా నా ముందుకొచ్చి నిలవడ్డది.

ఓదెలు

ఓదెలుది సిరిసిల్ల. సాంచాలు నడిపే ఇల్లు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటరు. పక్క సాంచా మీద పనిచేసేటోడు ఆయనకు పాణం లెక్క దోస్తు. ఒకనాడు కల్లు కాడ మొదలైన మాట కార్ఖానా దాకా వచ్చింది. చేతికందిన ఇనుప రాడ్డుతో ఒకటే దెబ్బ. దోస్తు సచ్చిపోయిండు, ఓదెలుకు యావజ్జీవం పడ్డది. జైల్లో కూడా మగ్గం మీదనే ఉన్నడు. ఏండ్లు గడిచినంక, నడత మంచిగున్నదని సర్కారు ముందుగాల విడుదల చేస్తనన్నది. షరతు ఒక్కటే: మళ్లా ఏ కేసులో పేరెక్కినా తిరిగి లోపలికే.

విచారణకు సిరిసిల్ల పోయిన. వాళ్ల అవ్వ ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చేస్తున్నది. చేతులాగలే.

"కొడుకొస్తే రానిస్తవా అవ్వా?"

"నా కడుపుల పుట్టినోడు, రానియ్యనా సారూ? కని గీ వాడకు తేకుండ్రి. సచ్చినోని పెండ్లాం దినాం నా ఇంటి ముంగట్నుంచే బీడీలు ఇయ్యవోతది. నా కొడుకు గీ అరుగు మీద కూసుంటే గా పిల్ల ఏ తొవ్వన పోవాలె?"

ఎన్నో ఇండ్లల్ల విచారణ చేసిన. ఎదుటోళ్ల తొవ్వ గురించి ఆలోచించిన అవ్వను అప్పుడే చూసిన.

"మరి ఏం చేద్దాం?"

"ఏడన్న దూరం ఓ అర్ర చూడుండ్రి. వాడు కాళ్లూనుకున్నంక నేనే పోయి ఇంత వండివెడ్త."

అట్ల ఓదెలు ఆదిలాబాద్ వచ్చిండు. పాండు సేటు జిన్నింగ్ మిల్లుకు షట్టర్ లేచే యాళ్లకు పోయి బోణీ బేరం పెట్టిన. ఏదీ దాచలే. బాపు నూకలను నూకలనే చెప్పి అమ్మేటోడు. "అరే దేవా! బోణీ యాళ్లకు ఖూనీ కేసు తెచ్చిండ్రా సాహెబ్?" అని సేటు నెత్తి పట్టుకున్నడు. పటం దిక్కు చూసిండు. పత్తి బేళ్లు మోసే పనిలో పెట్టుకున్నడు. ఉండుటందుకు మిల్లు ఎనుక గోడ కాడ ఓ రేకుల అర్ర ఇచ్చిండు.

నెలకోసారి పోయి చూసేటోణ్ని. పనికొస్తుండా? వస్తుండు. తాగుతుండా? ముడుతలేడు. తగాదాలు? లేవు. రాసుకొని తిరిగొచ్చేటోణ్ని. బేరం కుదిరింది, సరుకు పోయింది, ఇంకేం కావాలె?

పొగ

చలికాలం. ఆదిలాబాద్ చలి తెలిసినోళ్లకు చెప్పనక్కరలేదు, తెలియనోళ్లకు చెప్పినా నమ్మరు. ఒకనాడు తెల్లారుజామున మిల్లు ఆవరణలో పత్తి కుప్ప అంటుకున్నది. ఎవ్వరికీ ఏం కాలే, చానా పత్తి గుంజి బయటేసిండ్రు కూడా. కాని మధ్యాహ్నానికి ఓదెలును స్టేషన్‌కు తీసుకపోయిండ్రు.

నేను పోయేసరికి ఎస్సై, పిల్లగాడే, మర్యాదగానే మాట్లాడిండు. "సార్, మీ మనిషి 'ఒకనాడు మొత్తం కాలిపోతది' అని నాలుగు దినాల కిందట్నే అన్నడని సూపర్‌వైజర్ చెప్తుండు. ఈయన అర్ర గోడ పక్కకే. మంట లేచినప్పుడు ఏడున్నవంటే చాయ్ హోటల్ కాడ అంటుండు. హోటల్ ఆమెను అడిగినం. ఆ పొద్దు ఈయనకు చాయ్ పొయ్యనే లేదన్నది. అబద్ధం ఎందుకాడినట్టు?"

"ఒక్క పూట ఆగుండ్రి" అన్న.

"రేపు పొద్దటిదాకా ఆగుత సార్. తర్వాత కేసు రాయక తప్పదు."

కేసు రాసుడంటే విడుదల పోయినట్టే. కోర్టులో నిలుస్తదా లేదా అనేది తర్వాతి మాట. ఓదెలు మూలకు బల్ల మీద కూసొని ఉన్నడు. చేతుల మీద వెంట్రుకలు కమిలినయ్. మంట ఆర్పినట్టున్నడని నాకు సమజైంది. కని అంటుపెట్టినోని చేతులు కూడా అట్లనే కములుతయి.

"కాలిపోతదని ఎవన్ని అన్నవ్?"

"పత్తి కాడ బీడీలు తాగే లారీ క్లీనర్లను అన్న సార్. సూపర్‌వైజర్ సుత తాగుతడు."

"చాయ్ తాగినవా?"

"లే."

"హోటల్‌కు పోయినవా?"

"పోయిన."

"పోయి ఏం చేసినవ్?"

చేతి మీది కమిలిన వెంట్రుకలు గిల్లుకుంట కూసున్నడు.

"ఓదెలూ, ఇప్పుడు నీ నోరు పెగలకపోతే మళ్ల జైలు మగ్గమే. మీ అవ్వకు ఏం చెప్పాల్నో అదన్న చెప్పు."

నేల దిక్కు చూసుకుంట అన్నడు: "స్తంభం కాడ నిలవడ్డ సార్. హోటల్ ఎదురుంగ కరెంటు స్తంభం లేదా, గాడ. దినాం నిలవడ్త. ఇంకెవరన్న మొదలు తాగినంక నేను పోత. హోటల్ శేవంతక్క నా చేత బోణీ చెయ్యది."

"గీ సంగతి ఎస్సైకి ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? గింత మొగోణ్ని, పొద్దుగాల నా రూపాయి ముట్టరని చెప్పాలెనా?" నన్ను సముదాయిస్తున్నట్టు అన్నడు: "గామె చెడ్డది కాదు సార్. రెండో చాయ్ నాకే పోస్తది. అల్లం సుత ఎక్కువేస్తది."

పెద్దసారు ప్రశ్న, ఆయనకు తెప్పించిన చాయ్‌లన్నీ ఒక్కసారి యాదికొచ్చినయ్. నేను ఏ బోణీని చూపి ఈయనకు కొలువు సంపాదించిననో, అదే బోణీ ఈయనను దినాం చలిలో నిలవెట్టింది. ఒక్కనాడు పొద్దున పోయి చూస్తే తెలిసిపోయేది.

చాయ్ లేని బేరం

మర్నాడు మబ్బుల, ఇంకా తెల్లారకముందే లేచి శేవంతబాయి హోటల్‌కు పోయిన. హోటలంటే రేకుల పందిరి, స్టవ్వు, రెండు బల్లలు. పాలు కాగుతున్నయ్. ఒక్క గిరాకీ లేదు.

"చాయ్ పొయ్యనా సారు?"

"చాయ్ తర్వాత. బోణీ బేరం అక్కా, లేదనకు. నాకు ఓ మాట కావాలె."

ఆమె చేతిలో గంటె ఆగింది. "గా ఓదెలు ముచ్చటనా? పోలీసోళ్లకు చెప్పిన కదా. తాగిండా అన్నరు, తాగలే అన్న. నేనేమన్న అబద్ధమాడిన్నా?"

"ఆడలే. ఎందుకు తాగలేదో చెప్పలే."

"అడిగిందానికే చెప్పాలె సారు. అడగంది చెప్తే దుకాణం నడుస్తదా?"

మా బాపు కూడా అచ్చం ఇట్లనే అనేటోడు. నవ్వొచ్చింది, ఆపుకున్న.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకొని నా ఎదురుగ నిలవడ్డది. "మీది సుత దుకాణపోళ్ల ఇల్లే అంటరు. నిజం చెప్పుండ్రి. మీ బాపు ఖూనీ చేసొచ్చినోని చేత బోణీ చేస్తుండెనా?"

ఇక్కడ ఓ అబద్ధం ఆడితే బేరం కుదిరిపోతుండె. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. "చెయ్యకపోతుండె" అన్న.

"మీరు?"

"నేనా... వేరే గిరాకీ ఎవరన్న వస్తున్నరేమోనని అటు ఇటు చూస్త కావచ్చు."

"మరి నన్నెందుకు నిలదీయవడ్తిరి?"

"నిలదీస్తలేనక్కా. ఇద్దరం ఒక్క తక్కెట్లనే ఉన్నం. కని నువ్వు ఆయనను నిలవెట్టినవు కాబట్టే, ఆ పొద్దు ఆయన ఏడున్నడో నీకెరుక. ఇంకెవ్వరికీ ఎరుక లేదు. ఇయ్యాల నువ్వు చెప్పకపోతే మళ్ల జైలుకు పోతడు."

పాలు పొంగొచ్చినయ్. మంట తగ్గించి, నా దిక్కు చూడకుండ చెప్పుకొచ్చింది.

"దినాం గట్ల నిలవడ్తుంటే చూడబుద్ధి కాకపోతుండె సారు. అటు దిక్కు మొకం పెట్టకుండ పాలు కాగవెట్టేదాన్ని. గా పొద్దు చలికి ఎవ్వరు రాలే. మస్తు సేపు నిలవడ్డడు. చేతులు సంకల పెట్టుకొని గజగజ వణుకుతుండు. పిలుద్దునా అనుకున్న. ఒట్టు సారు, పిలుద్దుననే అనుకుంటున్న. గంతల్నే పొగ పొగ అని ఒర్రుకుంట మిల్లు దిక్కు ఉరికిండు. ఇగ చాయ్ ఏడిది?"

"గిదే మాట స్టేషన్‌ల చెప్పు."

"చెప్తే? శేవంత చలిల మనిషిని నిలవెట్టిందంటరు."

"అంటరు."

జీవితమంతా బేరమాడినోణ్ని. ఆ ఒక్క మాట మీద తగ్గింపు ఇయ్యలే. ఇస్తే ఆమె నమ్మకపోయేది.

శేవంతబాయి గ్లాసులో చాయ్ పోసి నా ముంగట పెట్టింది. పైసలు తీసుకొని కండ్లకద్దుకొని డబ్బాలో వేసింది. తర్వాత స్టవ్వు బంద్ చేసింది. అప్పుడే బస్టాండు దిక్కు నుంచి నలుగురు గిరాకీలు వస్తున్నరు. వాళ్లతో "ఇయ్యాల ఆలస్యమైతది, పోండ్రి" అని, నాతో అన్నది: "ఊదుకుంట కూసుంటరేంది? జల్ది తాగుండ్రి, పాలు చల్లారుతున్నయ్."

స్టేషన్‌లో ఆమె అంతా చెప్పింది. నిలవెట్టిన సంగతి కూడా మింగకుండ చెప్పింది. ఎస్సై మిల్లు వాచ్‌మన్‌ను పిలిపించి, పొగ అని మొదలు అరిచిందెవరని అడిగిండు. ఆయన నెత్తి గోక్కున్నడు. "ముకం చూడలే సార్. గొంతు సిరిసిల్లోని గొంతే. రోడ్డు దిక్కు నుంచి ఒర్రుకుంట వచ్చిండు" అన్నడు. అప్పటిదాకా ఆయనను ఆ మాట ఎవ్వరూ అడగలే. ఓదెలును పంపించేసిండ్రు. మంట ఎట్ల అంటుకున్నదో మాత్రం తేలలే. యంత్రంలో రాయి పడి నిప్పురవ్వ లేచిందన్నరు కొందరు, బీడీ అన్నరు కొందరు.

కొత్త పిల్లలకు

ఆ సాయంత్రం పాండు సేటు దగ్గరికి షట్టర్ దించే యాళ్లకు పోయిన. "ఈసారి బోణీ కాదు సేటూ. వద్దంటే వద్దను, నాకేం కోపం రాదు. సరుకు చూసి కొను" అన్న.

సేటు తాళం చేతిలో పట్టుకొని నా దిక్కు తిరిగిండు. "మీరు బోణీ అని అంటగట్టిండ్రు సాహెబ్. పెట్టుకున్న, గంతే. ఒక్కనాడు ఆయన ముకం సక్కగ చూడలే." తాళమేసిండు. "కాలిపోతదన్నది బీడీలోళ్లనట కదా? రేపట్నుంచి గేటు కాడ నిలవడమను. లోపలికొచ్చే ప్రతోని బీడీ గుంజుకొమ్మను. సూపర్‌వైజర్‌ది మొదలు."

ఓదెలు ఇప్పటికీ ఆ గేటు కాడనే ఉన్నడు. రేకుల అర్ర ఇడిచిపెట్టి రెండర్రల ఇల్లు కిరాయికి తీసుకున్నడు. అవ్వ వచ్చింది. ఆమె చేసిన బీడీలు ఏ ఊరికి పోతయో ఆమెకు తెలియదు. కొడుకు దినాం సాయంత్రం జేబు నిండ బీడీలు తెచ్చి పారపోస్తుంటే మాత్రం, "ఓరి నీ పాడుగాను, తల్లి కష్టం మట్టిల పోస్తున్నవా?" అని లొల్లి పెడ్తది. నేను పోతే ఇద్దరు చెరో దిక్కు నుంచి నాతో పంచాయతీ చేయించుకుంటరు.

అందుకే పిల్లలూ, బోణీ యాళ్లకు పోయి బేరమాడుండ్రి, తప్పు లేదు. తలుపు తెరిపిస్తది. కని ఆ తలుపు లోపల మనిషి నిలవడ్డడా, కూసున్నడా అని మళ్లా పోయి చూడుండ్రి. మీ రిపోర్టు కాయితంలో పనికి, తాగుడుకు, తగాదాకు గడులున్నయి. చాయ్‌కి గడి లేదు. పోయి చూడాల్సిందే.

ఓదెలును స్టేషన్ నుంచి పంపిన మర్నాటి పొద్దు నేనూ హోటల్‌కు పోయిన. పెద్దసారు ప్రశ్నకు జవాబు బాకీ ఉండె. చలి అట్లనే ఉన్నది. హోటల్లో గిరాకీ లేదు. ఓదెలు వచ్చి, అలవాటుగా, స్తంభం కాడనే నిలవడ్డడు.

శేవంతబాయి తలెత్తింది. "ఓ ఓదెలన్నా! గా స్తంభం ఏమన్న పడిపోతదా, కావలుంటున్నవ్? రా!"

వచ్చిండు. బల్ల మీద కూసోలే. "ఇంకెవ్వరు తాగలే కదక్కా" అన్నడు మెల్లగ.

"తాగలే. నువ్వు తాగు."

నా దిక్కు చూసిండు. నా చేతిలో గ్లాసు లేదని చూపించిన. కూసున్నడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకొని, అల్లం ఘాటుకు దగ్గుకుంట, ఆగి ఆగి తాగిండు. రూపాయలిస్తే ఆమె తీసుకున్నది. ఒక్క క్షణం చేతిలోనే పట్టుకున్నది. కండ్లకద్దుకొని డబ్బాలో వేసింది.

నాలోని దుకాణపోడు ఊకోలే. సాయంత్రం మళ్లా పోయి అడిగిన, "గిరాకీ ఎట్లయిందక్కా ఇయ్యాల?"

"ఏం గిరాకీ సారు! సగం పాలు మిగిలినయ్." గ్లాసులు కడుక్కుంటనే చెప్పింది. "ఓదెలన్నను రేపు మళ్ల రమ్మన్న."